మొగ దాటేది ఎప్పుడు, దారిలో నీళ్ళు ఎటు లాగుతాయి: భైరవపాలెం నుంచి వైజాగ్ దాకా బోటు తీసుకెళ్ళే లెక్క మొత్తం

పోటు (సముద్రం నీళ్ళు ఎక్కడం, దిగితే పాటు) చూసుకుని బయల్దేరమంటారు సరే, కానీ ఆ చూసుకోవడం అంటే ఏం చూడాలి, ఏ టైముకి ఎంత నీళ్ళుంటాయో కాగితం మీద ఎలా తెలుస్తుంది అని కొత్తగా ఫైబర్ బోటు కొన్న తమ్ముళ్ళు పదే పదే అడుగుతున్నారు. అందుకే ఒకే ప్రయాణం తీసుకుని మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నా. గౌతమి గోదావరి మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర భైరవపాలెంలో బయల్దేరి, హోప్ ఐలాండ్ బయట నుంచి కాకినాడ, అక్కడి నుంచి వైజాగ్. మీ ఊరు అంతర్వేది అయినా నాచుగుంట అయినా అంకెలు మారతాయి గానీ పద్ధతి ఇదే.

బోటు 1 మీటరు లోతు మునుగుతుందని, మామూలు నడకలో 7 నాట్స్ (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు) ఇస్తుందని అనుకుని లెక్కలు వేశా. మీ బోటు అంకెలు పెట్టుకుని మళ్ళీ వేసుకోండి, నావి కాపీ కొట్టొద్దు.

1. ముందు ఈ ఒక్కటి బుర్రకెక్కాలి

మన తీరంలో పోటుపాట్ల పని మొగలోనూ, పాయల్లోనూ, ఇసుక మేటల మీదా. మొగ దాటి సముద్రంలో పడ్డాక బోటుని లాగేది ఎక్కువగా పోటు కాదు, కాలాన్ని బట్టి తీరం వెంబడి పారే ప్రవాహం, దానికి తోడు గాలి.

ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే సగం తప్పులు. గుజరాత్‌లో ఖంభాత్ గల్ఫ్ లాంటి చోట పోటుకీ పాటుకీ తేడా 10 మీటర్ల దాకా వెళ్తుంది కాబట్టి అక్కడ సముద్రంలో కూడా ఆరు గంటలు ఇటు, ఆరు గంటలు అటు నీళ్ళు గట్టిగా లాగుతాయి. ఇంటర్నెట్‌లో దొరికే ఇంగ్లీషు గైడ్లన్నీ అలాంటి సముద్రాల కోసం రాసినవే. మన కాకినాడ, వైజాగ్ దగ్గర పెద్ద పోట్లప్పుడు కూడా తేడా సుమారు ఒకటిన్నర మీటరే, చిన్న పోట్లప్పుడు అందులో సగం కూడా ఉండదు. అంత చిన్న తేడా ఏం చేస్తుందిలే అనుకోకండి, మొగ మీద నీళ్ళే మీటరు ఉన్నప్పుడు ఆ ఒకటిన్నర మీటరే సర్వస్వం.

కాబట్టి రెండు ప్రశ్నలకి రెండు వేరే జవాబులు వెతకాలి: మొగ ఏ గంటకి దాటాలి? దాటాక ప్రవాహం ఎదురా, వెంటా, ఎంత?

2. వారం ముందు నుంచి దగ్గర పెట్టుకోవాల్సినవి

- కాకినాడ, విశాఖపట్నం పోటు పట్టికలు. సర్వే ఆఫ్ ఇండియా ఏటా పట్టికల పుస్తకం వేస్తుంది
- హైదరాబాద్ ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్ళ సముద్ర సూచన: అలల ఎత్తు, ఉప్పెన అలలు, గాలి, ప్రవాహం
- వాతావరణ శాఖ వాళ్ళ జాలర్ల హెచ్చరిక
- గోడ క్యాలెండర్, తిథి చూడటానికి
- ధవళేశ్వరం దగ్గర నీళ్ళు ఎంత వదులుతున్నారన్న కబురు, జూలై నుంచి అక్టోబర్ దాకా తప్పనిసరి
- అడుగుల గుర్తులు వేసిన వెదురు గెడ, ఒక నోటు పుస్తకం, నీళ్ళకి చెరగని పెన్ను
- జీపీఎస్, వీహెచ్ఎఫ్ (బోటు రేడియో), లైఫ్ జాకెట్లు, రెండు లంగర్లు, వాటికి సరిపడా తాడు

ఫోన్ యాప్ వాడేవాళ్ళు ఒకటి చూసుకోండి. కొన్ని యాప్‌లు టైము గ్రీన్విచ్ లెక్కలో చూపిస్తాయి, దానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. అది కలపకుండా వెళ్తే సరిగ్గా నిండు పోటు అనుకున్న టైముకి నీళ్ళు అడుక్కి పోయి ఉంటాయి. ఇంకోటి, యాప్ ఇచ్చే ఎత్తు సున్నా ఎక్కడి నుంచి కొలిచారో చూడండి. కొన్ని సగటు సముద్ర మట్టం నుంచి కొలుస్తాయి, వాటిలో పాటు మైనస్‌లో కనిపిస్తుంది. పట్టిక మాత్రం చార్టు సున్నా (నీళ్ళు దాదాపు ఎప్పుడూ దానికన్నా కిందకి దిగని మట్టం) నుంచి కొలుస్తుంది. రెండూ కలిపి లెక్క వేయకూడదు.

3. పోటు పట్టిక చదవడం

మన వైపు రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక నిండు పోటుకీ తర్వాతి నిండు పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు. అంటే రేపటి పోటు ఇవాళ్టి కన్నా సుమారు 50 నిమిషాలు ఆలస్యం. పెద్దవాళ్ళు రోజుకి రెండు గడియలు అనేది ఇదే, గడియ 24 నిమిషాలు కాబట్టి రెండు గడియలు 48. పట్టిక చేతిలో లేనప్పుడు నిన్నటి టైము గుర్తుంటే ఈ లెక్క చాలు.

అమావాస్యకీ పౌర్ణమికీ పోట్లు పెద్దవి, అష్టమి చుట్టూ చిన్నవి. కానీ అసలు పెద్ద పోటు అదే రోజు రాదు, ఒకటి రెండు రోజులు ఆగి పాడ్యమి, విదియల్లో వస్తుంది. అలాగే అన్నిటికన్నా చిన్న పోటు నవమి, దశమి వైపు జరుగుతుంది.

లోతు ఎక్కువ మునిగే బోటుకి పెద్ద పోటు కావాలి అనిపిస్తుంది. నిజమే, కానీ పెద్ద పోటు వెనకే పెద్ద పాటు ఉంటుంది, అది మొగలో నీళ్ళని బలంగా బయటకి లాగుతుంది. చిన్న ఫైబర్ బోటుకి మధ్యస్థంగా ఉండే రోజులే సుఖం, అంటే చవితి నుంచి సప్తమి మధ్య. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఆ రోజులే పెట్టుకోండి.

కాకినాడ పట్టిక కాకినాడదే. మీ మొగలో పోటు కొంచెం ముందో వెనకో రావచ్చు, పాయ లోపలికి వెళ్ళేకొద్దీ ఇంకా ఆలస్యం అవుతుంది. ఆ తేడా ఎవరూ రాసి ఇవ్వరు, మీరే పట్టుకోవాలి. రేవు స్తంభం మీద గీతలు గీసి, ఓ పదిహేను రోజులు నీళ్ళు నిండిన టైము, పూర్తిగా తీసిన టైము రాసుకోండి, పక్కన పట్టిక టైము రాయండి. రెండు వారాలకి మీ రేవు తేడా మీ చేతిలో ఉంటుంది, అది జీవితాంతం పనికొస్తుంది.

4. మొగ మీద నీళ్ళు ఎంత: పన్నెండో వంతుల లెక్క

నీళ్ళు ఆరు గంటలూ ఒకే వేగంతో ఎక్కవు. మొదట నెమ్మదిగా, మధ్యలో గబగబా, చివర మళ్ళీ నెమ్మదిగా. దాన్ని పన్నెండు భాగాలు చేస్తే గంట గంటకీ ఎక్కేది 1, 2, 3, 3, 2, 1 భాగాలు.

ఉదాహరణకి ఒక రోజు పట్టికలో తెల్లవారుజామున 4:00కి పాటు 0.2 మీటర్లు, ఉదయం 10:10కి పోటు 1.4 మీటర్లు అనుకుందాం. తేడా 1.2, ఒక్కో భాగం 0.1 మీటరు.

- 4:00కి 0.2
- 5:00కి 0.3
- 6:00కి 0.5
- 7:00కి 0.8
- 8:00కి 1.1
- 9:00కి 1.3
- 10:10కి 1.4

ఇది చార్టు సున్నా మీద ఎక్కే నీళ్ళు. ఇప్పుడు మొగ మీద ఆ సున్నా దగ్గర లోతు ఎంతో తెలియాలి. చార్టులో అంకె ఉంటుంది గానీ గోదారి మొగల్లో దాన్ని నమ్మొద్దు, వరద వచ్చిన ప్రతిసారీ ఇసుక జరుగుతుంది, పోయిన ఏడు దారి ఉన్న చోట ఈ ఏడు తిప్ప ఉంటుంది. కాబట్టి రెండు మూడు రోజుల ముందు చిన్న నావ మీద, సముద్రం ప్రశాంతంగా ఉన్నప్పుడు, గెడ పట్టుకుని వెళ్ళి దారి పొడవునా కొలవండి. అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకె, కొలిచిన టైము రాసుకోండి.

కొలిచిన టైముకి పోటు ఎత్తు 0.8 అనుకోండి, గెడకి 1.7 మీటర్లు వచ్చింది. 1.7 లోంచి 0.8 తీసేస్తే 0.9. ఇదీ మీ మొగ సున్నా లోతు. ఇక ఏ రోజుకైనా పట్టికలో ఎత్తు దీనికి కలుపుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు మీకెంత కావాలో చూద్దాం:

- బోటు మునిగే లోతు 1.0
- అడుగున ఖాళీ కనీసం 0.5
- మొగలో అల ఎత్తులో సగం. అల 0.6 ఉంటే 0.3. అల పల్లంలో బోటు అంత కిందకి దిగుతుంది కాబట్టి ఇది మర్చిపోకూడదు
- మొత్తం 1.8 మీటర్లు

సున్నా లోతు 0.9 పోతే పోటు ఇంకో 0.9 ఇవ్వాలి. మన జాబితాలో 7:00కి 0.8, 8:00కి 1.1, అంటే 0.9 వచ్చేది సుమారు 7:20కి. అక్కడి నుంచి 10:10 దాకా మీకు తలుపు తెరిచి ఉన్నట్టు.

సముద్రం మీద నుంచి రెండ్రోజులుగా గాలి గట్టిగా తోస్తుంటే నీళ్ళు పట్టిక కన్నా ఎక్కువే ఉంటాయి, ఒడ్డు నుంచి బయటకి కొడితే తక్కువ. గాలి పీడనం 1 మిల్లీబారు తగ్గితే నీరు సుమారు 1 సెంటీమీటరు లేస్తుంది, పెరిగితే అంత దిగుతుంది. అందుకే అర మీటరు ఖాళీ అన్నది ఉత్త జాగ్రత్త కాదు, ఈ తేడాలన్నీ మింగేది అదే.

5. తలుపు తెరిచిన టైములో ఏ గంట?

నిండు పోటుకి గంటన్నర ముందు నుంచి అరగంట ముందు దాకా. మన లెక్కలో 8:40 నుంచి 9:40. బయటకి వెళ్ళేటప్పుడూ అంతే, లోపలికి వచ్చేటప్పుడూ అంతే.

చాలామందికి ఇక్కడ అనుమానం వస్తుంది. బయటకి వెళ్ళేవాడికి పాటు లాగుతుంటే సాయం కదా, పోటుకి ఎదురెళ్ళడం ఎందుకు డీజిల్ దండగ అని. డీజిల్ ఓ లీటరు రెండు లీటర్లు పోతుంది, పోనివ్వండి. కారణాలు చెప్తా.

పోటు అప్పుడు నీళ్ళు, అలలు రెండూ ఒకే దిక్కున లోపలికి వస్తాయి కాబట్టి అల మెత్తగా, పొడుగ్గా ఉంటుంది. పాటు మొదలయ్యాక నీళ్ళు బయటకి, అలలు లోపలికి, రెండూ మొగ మీద ఎదురెదురు పడతాయి. అప్పుడు అదే అల పొట్టిగా, నిటారుగా గోడలాగా లేచి విరుగుతుంది. పొద్దున సాఫీగా ఉన్న మొగ మూడు గంటల తర్వాత మొత్తం తెల్లగా నురగలు కక్కుతుంది, గాలి ఏమీ మారకపోయినా.

రెండోది, పోటు ఎక్కుతుండగా ఇసుక తగిలితే పది నిమిషాలు ఆగితే నీళ్ళే లేపుతాయి. పాటులో తగిలితే నిమిష నిమిషానికీ ఇంకా గట్టిగా కూర్చుంటుంది.

మూడోది అన్నిటికన్నా పెద్దది. పెద్ద పోటు రోజు సరిగ్గా నిండు నీళ్ళలో మేట ఎక్కితే మళ్ళీ అంత నీళ్ళు రావడానికి తర్వాతి పక్షం దాకా ఆగాలి. మా బావ బోటు అలాగే ఇరుక్కుంది. పాడ్యమి రోజు, ఐస్ బండి ఆలస్యమైందని నిండు పోటు దాటాక ఇరవై నిమిషాలకి కదిలాం, మొగ మధ్యలో తగిలింది, మర్నాడు పోటుకి పావు మీటరు తక్కువ వచ్చింది, ఆ మర్నాడు ఇంకా తక్కువ. చివరికి మూడు బోట్లు కట్టి పక్కకి ఒరిగించి లాగితే గానీ రాలేదు, ఈలోపు అలలకి చుక్కాని విరిగిపోయింది. ఐస్ లేకుండా వెళ్ళినా, అసలు వెళ్ళకపోయినా అంత నష్టం ఉండేది కాదు, ఆ రోజు నుంచి నేను గడియారం వైపే ఉంటాను.

మొగ దగ్గరికి వచ్చాక వెంటనే దూరకండి. లోపల నెమ్మదిగా నిలబెట్టి పావుగంట చూడండి. అలలు గుంపులుగా వస్తాయి, కొన్ని పెద్దవి, తర్వాత కొంచెం నెమ్మది. ఎన్ని పెద్దవి, ఎంతసేపు నెమ్మది అని లెక్కపెట్టండి. ఎక్కడ విరగట్లేదో అక్కడ లోతు. పెద్ద గుంపు అయిపోగానే బయల్దేరి, మధ్యలో తిప్పకుండా, అలకి బోటు ముక్కు కాస్త ఏటవాలుగా పెట్టి దాటేయాలి. సగం దాకా వెళ్ళి వెనక్కి తిరగడమే బోట్లు పల్టీ కొట్టడానికి పెద్ద కారణం.

6. నీళ్ళు నిండిన టైము వేరు, నీళ్ళు తిరిగిన టైము వేరు

పట్టిక చెప్పేది ఎత్తు. నీళ్ళు ఎటు పారుతున్నాయో అది చెప్పదు. పాయల్లో నిండు పోటు అయ్యాక కూడా కాసేపు నీళ్ళు లోపలికి పారుతూనే ఉండొచ్చు, తర్వాత నిలబడి, అప్పుడు తిరుగుతాయి. ఒక్కో చోట ఆ తేడా గంట దాకా ఉంటుంది.

దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. రేవు గట్టు మీద 20 మీటర్ల దూరంలో రెండు కర్రలు పాతి, పీచు తీయని కొబ్బరికాయ ఒకటి నీళ్ళలో వేయండి. కాయ చాలావరకు మునిగి ఉంటుంది కాబట్టి గాలి దాన్ని పెద్దగా తోయలేదు, ప్లాస్టిక్ సీసా అయితే గాలికి పోతుంది, పనికిరాదు. మొదటి కర్ర నుంచి రెండో కర్రకి పట్టిన సెకన్లు చూడండి.

- 40 సెకన్లు: సుమారు 1 నాట్
- 20 సెకన్లు: సుమారు 2 నాట్స్
- 13 సెకన్లు: సుమారు 3 నాట్స్, చిన్న బోటుకి ఇది ఎక్కువ

అరగంటకోసారి ఒక పూట మొత్తం చేస్తే మీ పాయ స్వభావం తెలిసిపోతుంది.

గోదారికి వరద ఉన్నప్పుడు మాత్రం ఈ మొత్తం లెక్క పక్కన పెట్టేయండి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక కన్నా చాలా ముందే మొగలో పోటు అనేదే మాయమైపోతుంది, నీళ్ళు పైకి లేస్తాయి గానీ పారేది ఇరవై నాలుగ్గంటలూ బయటకే. పైగా దుంగలు, చెట్లు. వరద తగ్గాక కూడా గెడ పట్టుకుని దారి కొత్తగా కొలవాల్సిందే.

7. మొగ దాటాక: ఏ నెలలో ప్రవాహం ఎటు

మన తూర్పు తీరం వెంబడి పారే ప్రవాహం ఏడాదిలో దిక్కు మార్చుకుంటుంది. ప్రపంచంలో చాలా తీరాలకి ఇలా ఉండదు, మనకి ఉంది, దాన్ని వాడుకోవాలి.

- ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరం వైపు, అంటే కాకినాడ నుంచి వైజాగ్ వెళ్ళేవాళ్ళకి వెంట. మార్చి, ఏప్రిల్‌లో మంచి జోరు
- జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నిలకడ ఉండదు, ఓ వారం ఇటు, ఓ వారం అటు. ఆ రోజు సూచన చూడకుండా ఏమీ అనుకోవద్దు
- అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణం వైపు, వైజాగ్ వెళ్ళేవాళ్ళకి ఎదురు. నవంబర్‌లో బలం ఎక్కువ
- జనవరిలో మారుతూ ఉంటుంది

జోరుగా ఉన్నప్పుడు ఈ ప్రవాహం 2 నాట్స్ దాకా వెళ్ళగలదు, కానీ ఒడ్డు దగ్గర అంత ఉండదు, లోతు పెరిగేకొద్దీ, మెట్ట అంచు (సముద్రం అడుగు ఒక్కసారిగా లోతుకి దిగే చోటు) వైపు వెళ్ళేకొద్దీ బలం పెరుగుతుంది. దీన్నిబట్టి దారి ఎంచుకోవచ్చు: వెంట ఉన్నప్పుడు కాస్త బయటగా, ఎదురున్నప్పుడు ఒడ్డుకి దగ్గరగా. ఒడ్డుకి దగ్గర అంటే అలలు విరిగే చోటుకి బాగా బయట, వలలు, తెప్పలు లేని లోతులో అని అర్థం.

ప్రవాహం వెంట ఉన్నా గాలి ఎదురైతే సముద్రం గరుకుగా ఉంటుంది. మార్చిలో ప్రవాహం ఉత్తరానికి పారుతుంటే ఉత్తరపు గాలి వీచిందనుకోండి, మొగలో చెప్పిన గోడ అలలే ఇక్కడ చిన్న సైజులో, గంటల తరబడి. ఒక నాట్ లాభం కోసం అందులోకి వెళ్ళొద్దు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం కాబట్టి రిపేరుకి బోటు వైజాగ్ చేర్చాలనుకునేవాళ్ళకి ఏప్రిల్ మొదటి రెండు వారాలు చాలా అనుకూలం, ప్రవాహం వెంట, సముద్రం మామూలుగా నెమ్మది. తుపాను కబురు లేదని చూసుకున్నాకే లెండి.

8. ప్రయాణం లెక్క వెనక నుంచి వేయండి

మొగ ఉదయం తొమ్మిదికి దాటాం. భైరవపాలెం నుంచి తిన్నగా వైజాగ్ 80 నాటికల్ మైళ్ళ చిల్లర. ప్రవాహం 1 నాట్ వెంట ఉన్నా పది గంటలు, అంటే రాత్రి ఏడు. ఎదురుంటే పదమూడు గంటలు దాటి రాత్రి పది పైనే. తెలియని పెద్ద హార్బరులోకి, ఓడలు తిరిగే చోటికి, అలిసిపోయి చీకట్లో దూరడం అవుతుంది. అందుకే నేను రెండు ముక్కలు చేస్తాను.

మొదటి ముక్క: మొగ నుంచి హోప్ ఐలాండ్ బయట వైపు ఉత్తరానికి వెళ్ళి, దాని ఉత్తరపు కొస చుట్టి కాకినాడ. సుమారు 20 మైళ్ళు, మూడు గంటలు. కొస దగ్గర తొందరపడి తిప్పకండి, ఆ ఇసుక ఇంకా ఉత్తరానికి పెరుగుతూనే ఉంది, బాగా దాటాకే లోపలికి మలుపు తీసుకోండి. కాకినాడ అఖాతం దక్షిణం వైపు మొత్తం లోతు తక్కువ, బురద. కోరింగ మడ అడవి పాయల్లోంచి అడ్డదారి ఉందని ఎవరైనా అంటే పోటుకి మాత్రమే, అదీ తెలిసిన మనిషి బోటులో ఉంటేనే.

రెండో ముక్క: కాకినాడలో తిని, పడుకుని, డీజిల్ చూసుకుని, తెల్లారేసరికి వైజాగ్ చేరేలా బయల్దేరడం. దూరం సుమారు 75 మైళ్ళు. ఉదయం 6:30కి హార్బరు ముందు ఉండాలనుకుంటే:

- ప్రవాహం 1 నాట్ వెంట: నేల మీద వేగం 8, పట్టేది 9 గంటల 25 నిమిషాలు, రాత్రి 9:00కి బయల్దేరాలి
- ప్రవాహం లేదు: వేగం 7, పట్టేది 10 గంటల 45 నిమిషాలు, రాత్రి 7:45
- 1 నాట్ ఎదురు: వేగం 6, పట్టేది 12 గంటల 30 నిమిషాలు, సాయంత్రం 6:00
- ఒకటిన్నర ఎదురు: వేగం 5.5, పట్టేది 13 గంటల 40 నిమిషాలు, సాయంత్రం 4:50

చూశారా, ఒకే దూరానికి నాలుగు గంటల తేడా. డీజిల్ కూడా చివరి అంకెకే పోయించండి, దాని మీద మూడో వంతు అదనం. కాకినాడ నుంచి బయటకి రావడానికీ, వైజాగ్ అవుటర్ హార్బరులోకి వెళ్ళడానికీ మనలాంటి బోట్లకి పోటుతో పనిలేదు, అక్కడ లోతు చాలినంత ఉంటుంది. అక్కడ చూడాల్సింది ఓడల రాకపోకలు. ముందు వీహెచ్ఎఫ్‌లో పోర్టు వాళ్ళతో మాట్లాడి, అనుమతి వచ్చాకే దూరాలి.

9. దారిలో ప్రవాహాన్ని నిజంగా కొలవడం

సూచన ఒకటి చెప్తుంది, సముద్రం ఇంకోటి చేస్తుంది. కాకినాడ నుంచి బయటపడగానే పది నిమిషాలు దీనికి పెట్టండి. ఇంజన్ ఒకే వేగంలో ఉంచి, వెళ్ళాల్సిన దిక్కులో ఐదు నిమిషాలు నడిపి జీపీఎస్ వేగం రాసుకోండి. తిరిగి సరిగ్గా ఎదురు దిక్కులో ఐదు నిమిషాలు. ఒకటి 7.8, ఇంకోటి 6.2 వచ్చిందనుకోండి. రెండిటి తేడా 1.6, అందులో సగం 0.8, అది ప్రవాహం. రెండూ కలిపి సగం చేస్తే 7.0, అది నీళ్ళలో మీ బోటు అసలు వేగం. దీనికి మించిన పరికరం నాకు తెలియదు.

పక్క నుంచి లాగే ప్రవాహానికి: 7 నాట్స్ బోటుకి పక్కన 1 నాట్ ఉంటే సుమారు 8 డిగ్రీలు ప్రవాహం వచ్చే వైపుకి ముక్కు తిప్పి పట్టాలి. దిక్సూచి చూసి నడిపి, జీపీఎస్‌లో గీత తప్పుతుందా లేదా అని పావుగంటకోసారి చూడండి.

గంటకోసారి పుస్తకంలో నాలుగు రాయండి: టైము, ఎక్కడున్నాం, జీపీఎస్ వేగం, గాలి. వాకలపూడి లైట్, పెంటకోట లైట్, చివర డాల్ఫిన్స్ నోస్ లైట్ కనిపించిన టైములు కూడా. పెంటకోట దగ్గరికి మీ లెక్క కన్నా గంట ఆలస్యమైతే వైజాగ్‌కి రెండు గంటలు ఆలస్యం అవుతుందని అప్పుడే ఇంటికి ఫోన్ చేసి చెప్పేయండి. గంట ముందే వచ్చేస్తుంటే ఇంజన్ తగ్గించండి, చీకట్లో చేరి హార్బరు ముందు తిరగడం కన్నా బయట లోతులో నెమ్మదిగా రావడం మేలు.

10. తరచూ జరిగే తప్పులు, సర్దుబాట్లు

పోటు టైము పాయింట్‌లాగా చూడటం. 10:10 అంటే 10:10కి బయల్దేరడం కాదు, అప్పటికి మొగ దాటి అరగంట అయ్యుండాలి. రేవు నుంచి మొగకి నలభై నిమిషాలు పడితే అది కూడా వెనక్కి లెక్కపెట్టండి.

మర్నాటి ప్రయాణానికి నిన్నటి టైము వాడటం. రెండు గడియలు కలపాలి. రెండు రోజులు వాయిదా పడితే గంటా నలభై నిమిషాలు, ఎత్తు కూడా మారుతుంది.

ముందు వెళ్ళిన బోటు దాటింది కదా అని వెంట పడటం. అది ఎంత మునుగుతుందో, అందులో సరుకు ఎంతో మీకు తెలియదు. వల, ఐస్, డీజిల్ నింపాక మీ బోటు ఎంత దిగుతుందో ఓసారి ప్రత్యేకంగా కొలిచి రాసుకోండి.

తిరుగు ప్రయాణం లెక్క వేయకపోవడం. వెళ్ళేటప్పుడు వెంట ఉన్న ప్రవాహం వచ్చేటప్పుడు ఎదురు. పైగా తిరిగి వచ్చేది మొగకి, దానికి తలుపు టైము ఉంది. ఆలస్యమై పాటులో మొగ ముందుకి వస్తే లోపలికి దూరకండి, బయట లోతులో లంగరేసి తర్వాతి పోటు దాకా ఆగండి, లేదా కాకినాడ వెళ్ళిపోండి. ఇల్లు కనిపిస్తుంటే ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా ఆగాలి.

ఇసుక తగలగానే ఇంజన్ గట్టిగా ఇవ్వడం. ప్రొపెల్లర్ ఇసుకని బోటు కిందకే తోస్తుంది, కూలింగ్ నీళ్ళలో ఇసుక వెళ్ళి ఇంజన్ పోతుంది. న్యూట్రల్ చేసి, లోతు వైపు లంగరు వేయించి, మనుషుల్ని ఒక పక్కకి పంపి ఒరిగించి, వచ్చిన దారిలోనే వెనక్కి లాగాలి.

చమురు బావుల దగ్గర్నుంచి కోయడం. గోదారి మొగల ముందు సముద్రంలో ప్లాట్‌ఫారాలు ఉన్నాయి, వాటి చుట్టూ 500 మీటర్ల లోపలికి వెళ్ళకూడదు. ప్రవాహం వాటివైపు లాగుతుంటే ఆ 500 చాలదు, రెండు మైళ్ళ ముందే పక్కకి తప్పుకోండి.

11. బయల్దేరే పూట చూసుకునే జాబితా

- ఇవాళ్టి పోటు, పాటు టైములు, ఎత్తులు అంకెల్లో రాసి స్టీరింగ్ పక్కన అంటించాను
- మొగ సున్నా లోతు ఈ నెలలోనే కొలిచాను, ఆ తర్వాత వరద రాలేదు
- తలుపు తెరిచే టైము, మూసే టైము, నేను దాటే టైము: మూడూ రాశాను
- ప్రవాహం దిక్కు, వేగం నిన్న సాయంత్రం సూచనలో చూశాను
- కాకినాడ నుంచి బయల్దేరే టైము వెంట, ఎదురు రెండిటికీ వేశాను
- అందరికీ లైఫ్ జాకెట్లు, మొగ దాటేటప్పుడు ఒంటి మీద, మూటలో కాదు
- ఒడ్డున ఉన్న ఒక మనిషికి దారి, చేరే టైము, ఎన్ని గంటలు దాటితే ఖంగారు పడాలో చెప్పాను
- వీహెచ్ఎఫ్ 16వ ఛానెల్ పనిచేస్తోంది, కోస్ట్ గార్డ్ 1554 ఫోన్‌లో ఉంది

కింద ఉన్నవాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజు మానేయండి, మళ్ళీ పోటు పన్నెండున్నర గంటల్లో వస్తుంది:

- మొగ అడ్డంగా ఒక్క ఖాళీ లేకుండా మొత్తం విరుగుతోంది
- మూసే టైముకి అరగంట కన్నా తక్కువ మిగిలింది
- మొగలో అల బోటు మునిగే లోతు కన్నా ఎక్కువ
- ఉప్పెన అలల హెచ్చరిక ఉంది, లేదా అల్పపీడనం కబురు వచ్చింది
- మొగ చీకట్లో దాటాల్సి వస్తోంది
- ధవళేశ్వరం నుంచి వరద దిగుతోంది